ఏఐ ఫోన్ కొనేముందు మొదట ర్యామ్ చూడండి, ఆ తర్వాత భాష చూడండి

2024 జూన్‌లో తన ఏఐ ఫీచర్ల మూట అయిన ఆపిల్ ఇంటెలిజెన్స్‌ను ప్రకటించినప్పుడు అది ఏయే పరికరాల్లో పనిచేస్తుందో ఆపిల్ ఒక జాబితా ఇచ్చింది. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అందులో ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 లేదు. ఏఐ లెక్కలు చేసే న్యూరల్ ఇంజిన్ సంగతి చూస్తే ఎం1ది సెకనుకు 11 లక్షల కోట్ల లెక్కలు, అంటే 11 టాప్స్. ఐఫోన్ 15లో ఉన్న ఏ16 చిప్‌ది 17 టాప్స్. ఎక్కువ వేగం ఉన్న చిప్‌కి చోటు దక్కలేదు, మూడేళ్ల పాత చిప్‌కి దక్కింది. తేడా ఎక్కడుందంటే ర్యామ్‌లో, అంటే నడుస్తున్న యాప్‌లు వాడుకునే మెమరీలో. ఎం1 మ్యాక్‌లలో కనీసం 8 జీబీ ఉంటుంది, ఐఫోన్ 15లో 6 జీబీయే. అదే ఏడాది వచ్చిన ఐఫోన్ 15 ప్రోలో 8 జీబీ ఉంది, దానికి ఆపిల్ ఇంటెలిజెన్స్ వచ్చింది.

గూగుల్ దగ్గరా ఇదే జరిగింది. 2023 డిసెంబరులో పిక్సెల్ 8 ప్రోకి జెమినీ నానో అనే చిన్న ఏఐ మోడల్‌ని, అంటే పాఠం చదివి జవాబు రాసే ప్రోగ్రామ్‌ని ఇచ్చి, రికార్డర్‌లో సారాంశం, కీబోర్డులో స్మార్ట్ రిప్లై తెచ్చింది. పిక్సెల్ 8లో ఉన్నదీ అదే టెన్సర్ జీ3 చిప్. అయినా హార్డ్‌వేర్ సరిపోదని 2024 మార్చిలో చెప్పారు. ర్యామ్ చూస్తే ప్రోలో 12 జీబీ, మామూలు పిక్సెల్ 8లో 8 జీబీ. కొన్నవాళ్లు గట్టిగా అడిగేసరికి ఆ నెలలోనే మాట మార్చి, డెవలపర్ ఆప్షన్ల కింద పెట్టి జూన్ అప్‌డేట్‌లో ఇచ్చారు. 2025లో వచ్చిన పిక్సెల్ 9ఏ ఇంకా మంచి ఉదాహరణ. చిప్ పిక్సెల్ 9లో ఉన్న టెన్సర్ జీ4యే, కానీ ర్యామ్ 8 జీబీ. అందుకని దానికి జెమినీ నానోలో బాగా కుదించిన రకం ఇచ్చారు. అది అక్షరాలు చదువుతుంది తప్ప బొమ్మలు చూడలేదు. ఫలితంగా పిక్సెల్ స్క్రీన్‌షాట్స్ యాప్, కాల్ నోట్స్ ఆ ఫోన్‌కి రాలేదు.

కంపెనీల పోటీ అంతా చిప్పుల పేర్లు, టాప్స్ అంకెలు, స్టేజి మీద చూపించే డెమోల చుట్టూ తిరుగుతోంది. కొనేవాడికి ఏ ఫీచర్ అందుతుందో, ఎంతకాలం అందుతుందో తేల్చేది మాత్రం ర్యామ్. తెలుగువాళ్లకైతే దానికి తోడు భాష. ఈ రెండూ ఎందుకంత ముఖ్యమో లెక్కలతో సహా చూద్దాం.

ఒక మోడల్ ఎంత చోటు తింటుంది

ఫోన్లోనే నడిచే మోడళ్లు చిన్నవి. జెమినీ నానో మొదటి తరంలో రెండు సైజులున్నాయి: ఒకటి 180 కోట్ల పారామీటర్లది, రెండోది 325 కోట్లది. ఆపిల్ ఫోన్లో నడిపేది సుమారు 300 కోట్ల పారామీటర్ల మోడల్. పారామీటర్ అంటే మోడల్ లోపల దాచుకున్న ఒక అంకె. ఒక్కో అంకెను 16 బిట్లలో, అంటే 2 బైట్లలో దాస్తే 300 కోట్ల అంకెలకు 6 జీబీ కావాలి. ఏ ఫోనూ అంత ఇవ్వలేదు. అందుకే ఆ అంకెలను 4 బిట్లకు కుదిస్తారు. అప్పుడు 1.5 జీబీలో సరిపోతుంది. ఆపిల్ 2024లో సగటున 3.7 బిట్ల దాకా తెచ్చింది, అంటే సుమారు 1.4 జీబీ. కుదించేకొద్దీ జవాబుల నాణ్యత తగ్గుతుంది కాబట్టి ఒక్కో పనికి తర్ఫీదు ఇచ్చిన చిన్న అడాప్టర్లను పైన తగిలిస్తారు: సారాంశానికి ఒకటి, మెయిల్ జవాబుకి ఒకటి. ఒక్కోటి కొన్ని పదుల ఎంబీలు ఉంటుంది.

ఈ 1.4 జీబీ మోడల్‌కి మాత్రమే. మనం ఇచ్చిన పాఠాన్ని, అప్పటిదాకా రాసిన జవాబును గుర్తుపెట్టుకోడానికి ఇంకొంత ర్యామ్ పడుతుంది. పాఠం పొడుగయ్యేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆండ్రాయిడ్, దాని సర్వీసులు, వాట్సాప్, బ్రౌజర్ ట్యాబ్‌లు ఎలాగూ ఉన్నాయి. వీటి మధ్యలో కెమెరా తెరిస్తే ఒక్కసారిగా పెద్ద మొత్తంలో ర్యామ్ అడుగుతుంది. 8 జీబీ ఫోన్లో అప్పుడు సిస్టమ్ ఏదో ఒకదాన్ని చంపాలి. మోడల్‌ని తీసేస్తే మళ్లీ ఎక్కించేటప్పుడు ఆలస్యం. యాప్‌ని తీసేస్తే సగం నింపిన ఫారం పోతుంది, ట్యాబ్ మళ్లీ లోడ్ అవుతుంది. "ఏఐ అప్‌డేట్ వచ్చాక ఫోన్ నెమ్మదించింది" అనే ఫిర్యాదుకి తరచూ మూలం ఇదే. దీనికి విరుగుడుగా గూగుల్ 16 జీబీ ఉన్న పిక్సెల్ 9 ప్రోలో కొంత ర్యామ్‌ను ఏఐకే విడిగా పక్కన పెట్టేసింది.

ఇక వేగం సంగతి. మోడల్ జవాబును ముక్కలు ముక్కలుగా రాస్తుంది. ఆ ముక్కను టోకెన్ అంటారు. ఒక్కో టోకెన్ రాయడానికి మోడల్‌లోని అంకెలన్నిటినీ ర్యామ్ నుంచి చిప్‌కి ఒకసారి తెచ్చుకోవాలి. ఐఫోన్ 15 ప్రోలో ర్యామ్ నుంచి చిప్‌కి సెకనుకు 51.2 జీబీ పారుతుంది. 51.2ని 1.4తో భాగిస్తే 36, 37 వస్తుంది. ఒక్కో టోకెన్ చొప్పున రాస్తే సెకనుకు అంతకు మించి రావడం కుదరదు. ఆ ఫోన్లో సెకనుకు 30 టోకెన్లు వస్తున్నాయని ఆపిల్ చెప్పింది. లెక్కకి అంత దగ్గరగా ఉంది. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 ఉన్న ఫోన్లలో ర్యామ్ వేగం సెకనుకు 76.8 జీబీ దాకా వెళ్తుంది. అక్కడ 1.5 జీబీ మోడల్‌కి పై హద్దు 51 టోకెన్లు. ఎన్‌పీయూ (చిప్‌లో ఏఐ లెక్కలు చేసే భాగం) టాప్స్‌ను రెట్టింపు చేసినా ఈ హద్దు కదలదు. పెళ్లి వంటకు పదిమంది వంటవాళ్లను పెట్టి, కొట్టుగది నుంచి బియ్యం మోయడానికి ఒక్కణ్నే పెడితే పొయ్యిలు ఖాళీగానే ఉంటాయి కదా, ఇదీ అంతే.

టాప్స్ అసలు పనికిరావని కాదు. మనం ఇచ్చిన పొడుగాటి పాఠాన్ని మోడల్ మొదట చదువుకునే దశలో అవి బాగా అక్కరకొస్తాయి, ఎందుకంటే అక్కడ టోకెన్లన్నిటినీ కలిపి ఒకేసారి లెక్కగట్టొచ్చు. ఐఫోన్ 15 ప్రోలో ఈ చదువుకి ఒక్కో టోకెన్‌కి 0.6 మిల్లీసెకన్లు పడుతుందని ఆపిల్ అంకె. వెయ్యి టోకెన్ల మెయిల్ అయితే సెకనులో సగానికి కాస్త ఎక్కువ. ఫోటోలో మనిషిని గుర్తించడం, కాల్‌లో రొద తీసేయడం, బొమ్మ గీయడం లాంటివాటికీ టాప్స్ కావాలి. అయితే ఒక కంపెనీ 8 బిట్ల లెక్కల అంకె చెబుతుంది, ఇంకో కంపెనీ 4 బిట్లది చెబుతుంది. 4 బిట్లలో చెబితే అంకె దానంతటదే రెట్టింపు కనిపిస్తుంది. అందుకని రెండు బ్రాండ్ల టాప్స్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తేలదు.

"8+8 జీబీ" మాయ

మధ్యతరగతి బడ్జెట్ ఫోన్ల పెట్టెల మీద "16 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాల్లో ఉండి, కింద చిన్నగా "8 జీబీ + 8 జీబీ" అని ఉండటం చూసే ఉంటారు. రెండో 8 జీబీ స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది. దాని వేగం ఎంతో చూడండి. యూఎఫ్‌ఎస్ 4.0 స్టోరేజ్ చదివే వేగం సెకనుకు గరిష్ఠంగా 4.2 జీబీ, యూఎఫ్‌ఎస్ 3.1 అయితే 2.1 జీబీ. ఒక్కో టోకెన్‌కి 1.5 జీబీ అక్కణ్నుంచి తెచ్చుకోవాలంటే మంచి స్టోరేజ్ మీద కూడా సెకనుకు మూడు టోకెన్లు రావు. పాత యాప్‌లను పక్కన దాచుకోడానికి ఆ అరువు ర్యామ్ పనికొస్తుందేమో గానీ ఏఐకి ఏమాత్రం పనికిరాదు. ఏఐ కోసం ఫోన్ చూస్తుంటే మొదటి అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. ఆ ఆప్షన్‌ని సెట్టింగ్స్‌లో ఆపేసినా మీకు పోయేదేమీ లేదు.

ఎవరు ముందు, ఎవరు వెనక

వరస క్లుప్తంగా ఇదీ. 2024 జనవరి 17న శాంసంగ్ గెలాక్సీ ఎస్24తో పాటు గెలాక్సీ ఏఐ అనే పేరు తెచ్చింది. కాల్‌లోనే అనువాదం, తెర మీదున్నదాని చుట్టూ గీసి వెతికే సర్కిల్ టు సెర్చ్, ఫోటోలో వస్తువును జరిపి ఖాళీని నింపే జనరేటివ్ ఎడిట్ అందులో ముఖ్యమైనవి. వెనకాల చాలావరకు గూగుల్ మోడళ్లే ఉన్నాయి. ఆపిల్ జూన్‌లో ప్రకటించి, అక్టోబరు 28న ఐఓఎస్ 18.1తో మొదటి విడత ఇచ్చింది. వివో, ఒప్పో, షావోమీలు చైనాలో సొంత మోడళ్లతో, బయట ఎక్కువగా గూగుల్ జెమినీతో నడుస్తున్నాయి. గూగుల్ సేవలు చైనాలో లేవు కాబట్టి శాంసంగ్ కూడా అక్కడ చైనా కంపెనీ బైడూని పట్టుకుంది.

ఒకరి ఫీచర్ ఇంకొకరికి చేరడానికి పట్టే కాలం తగ్గిపోతోంది. ఫోటోలో అడ్డొచ్చినవాళ్లను చెరిపే మ్యాజిక్ ఎరేజర్ 2021 అక్టోబరులో పిక్సెల్ 6తో వచ్చింది. ఆపిల్ క్లీన్ అప్ పేరుతో ఇవ్వడానికి మూడేళ్లు పట్టింది. సర్కిల్ టు సెర్చ్ మాత్రం ఎస్24, పిక్సెల్ 8లతో మొదలై ఏడాది తిరిగేసరికి చాలా ఆండ్రాయిడ్ బ్రాండ్లలోకి వచ్చేసింది. కాబట్టి ఒక ఫీచర్ కోసమే బ్రాండ్ మారడం తెలివైన పని కాదు. ఆ ఫీచర్‌ని మీ బ్రాండ్ కూడా తెస్తుంది, దాన్ని నడిపే ర్యామ్ మీ ఫోన్లో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఆపిల్‌కి ఎదురైన ఇబ్బందులు కొంచెం ఆగి చూడదగ్గవి. నోటిఫికేషన్లను ఒక వాక్యంలోకి కుదించే ఫీచర్ 2024 డిసెంబరులో బీబీసీ పేరు మీద ఒక తప్పుడు వార్త చూపించింది. హత్య కేసులో నిందితుడు తనను తాను కాల్చుకున్నాడని అందులో ఉంది. బీబీసీ అలాంటి వార్త రాయనే లేదు. బీబీసీ ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో ఐఓఎస్ 18.3తో వార్తా యాప్‌లకు సారాంశాలు ఆపేసి, మిగతా యాప్‌ల సారాంశాలను వాలు అక్షరాల్లో చూపించడం మొదలుపెట్టారు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, శీర్షిక అనేదే ఒక కుదించిన వాక్యం. అలాంటివి నాలుగైదు కలిపి ఇంకా కుదించమంటే, చిన్న మోడల్ ఒక శీర్షికలోని మనిషిని ఇంకో శీర్షికలోని క్రియకి అతికిస్తుంది. అసలు వార్త దాని ముందు ఉండదు కాబట్టి సరిచూసుకునే దారి లేదు. కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఆసుపత్రి గురించీ పెళ్లి గురించీ మాట్లాడుకుంటుంటే సారాంశం ఒకరి మాట ఇంకొకరికి అంటగట్టగలదు. ఆరోగ్యం, డబ్బు, ప్రయాణం విషయాల్లో సారాంశం చూసి ఊరుకోకుండా మెసేజ్ తెరవండి.

రెండో దెబ్బ ఆపిల్ అసిస్టెంట్ సిరిది. మన మెయిల్, మెసేజ్‌లు చూసి "అమ్మ ఎన్నింటికి దిగుతుంది?" లాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే సిరిని 2024 జూన్‌లో చూపించారు. ఐఫోన్ 16 ప్రకటనల్లోనూ వాడారు. 2025 మార్చి 7న అది ఆలస్యమవుతుందని చెప్పి ఆ ప్రకటనను తీసేశారు. 2026 జనవరిలో ఆపిల్, గూగుల్ కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం ఆపిల్ రాబోయే మోడళ్లకు ఆధారం జెమినీయే. ఫోన్ల మీద పేర్లు ఎన్ని ఉన్నా లోపల మోడళ్లు ఇద్దరు ముగ్గురివే అవుతున్నాయి. అందుకే రేపు వస్తుందన్న ఫీచర్‌కి ఈరోజు డబ్బు కట్టకండి. దుకాణంలో ఆ ఫోన్లో, ఆ రోజు పనిచేసేదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఏది ఫోన్లో నడుస్తోంది, ఏది సర్వర్లో

పరీక్ష తేలిక. ముందు వైఫై మీద సిస్టమ్ అప్‌డేట్లు, యాప్ అప్‌డేట్లు పూర్తి చేసి, అనువాదానికి కావలసిన లాంగ్వేజ్ ప్యాక్‌లు దించుకోండి. ఇది చేయకుండా పరీక్షిస్తే ఫోన్లో నడిచేది కూడా నడవనట్టు కనిపిస్తుంది. తర్వాత ఫ్లైట్ మోడ్ వేయండి. చాలా ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో కూడా వైఫైని గుర్తుపెట్టుకుని అలాగే ఉంచుతాయి, కాబట్టి వైఫై గుర్తు పోయిందో లేదో చూసుకోండి. ఇప్పుడు రెండు నిమిషాల మాటలు రికార్డు చేసి అక్షరాల్లోకి మార్చమనండి, సారాంశం అడగండి. ఒక ఫోటోలో చిన్న వస్తువును చెరపండి, తర్వాత పెద్ద వస్తువును జరిపి ఖాళీని నింపమనండి. సర్కిల్ టు సెర్చ్ నొక్కండి. నెట్‌వర్క్‌కి కనెక్ట్ కమ్మని చెప్పిన ప్రతిదీ సర్వర్ మీద, అంటే కంపెనీ కంప్యూటర్ల మీద నడుస్తున్నట్టే. సర్కిల్ టు సెర్చ్ ఎలాగూ ఆగిపోతుంది, అది గూగుల్ శోధనే కాబట్టి. శాంసంగ్ జనరేటివ్ ఎడిట్‌కి కూడా నెట్, శాంసంగ్ అకౌంట్ కావాలి. ఎస్24తో వచ్చినప్పటి నిబంధనల్లో ఫలితం 12 మెగాపిక్సెల్‌కి తగ్గుతుందని, మూలలో వాటర్‌మార్క్ పడుతుందని ఉంది. పెళ్లి ఫోటోను పెద్దగా ప్రింట్ వేయించాలనుకుంటే అసలు ఫోటోను విడిగా దాచుకుని మార్చడం మంచిది.

శాంసంగ్‌లో ఇంకో దారి ఉంది. సెట్టింగ్స్‌లో గెలాక్సీ ఏఐలోకి వెళ్లి "ప్రాసెస్ డేటా ఓన్లీ ఆన్ డివైస్" అనే స్విచ్ వేయండి. పాత సాఫ్ట్‌వేర్ అయితే అది అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ లోపల ఉంటుంది. వేయగానే సర్వర్ కావలసినవన్నీ ఆగిపోతాయి. మీ ఫోన్లో నిజంగా ఏం నడుస్తుందో చెప్పే జాబితా ఇంతకంటే కచ్చితంగా ఇంకెక్కడా దొరకదు. ఆఫీసు కాగితాలు, రోగుల వివరాలు, క్లయింట్ల సంగతులు ఫోన్లో పెట్టుకునేవాళ్లు ఈ స్విచ్ వేసి ఉంచుకోవడమే మేలు. ఐఫోన్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఆపిల్ ఇంటెలిజెన్స్ రిపోర్ట్ ఉంటుంది. 7 రోజులు ఎంచుకుంటే ఆ వారంలో ఏయే అభ్యర్థనలు ఆపిల్ సర్వర్‌కి వెళ్లాయో ఫైలుగా దించుకోవచ్చు.

"నా ఫోన్‌కి రావాల్సింది, కానీ కనిపించడం లేదు" అనే ఫిర్యాదుకి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఐఫోన్ స్టోరేజ్‌లో 7 జీబీ ఖాళీ లేకపోవడం, లేదా ఫోన్ భాష ఒకటీ సిరి భాష ఇంకొకటీ ఉండటం. భారత్ ఇంగ్లీషుకు మద్దతు 2025 మార్చి 31న ఐఓఎస్ 18.4తో వచ్చింది, అంతకు ముందు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు అప్‌డేట్ చేసుకోవాలి. పిక్సెల్‌లో మోడల్‌ని దించి నడిపేది ఏఐకోర్ అనే సిస్టమ్ యాప్. ప్లే స్టోర్‌లో దానికి అప్‌డేట్ ఆగిపోయి ఉందేమో చూడండి. వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోడానికి బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన ఫోన్లో ఏఐకోర్ పనిచేయదు. పెద్ద మోడల్ ఫైళ్లు కాబట్టి రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి వైఫై ఆన్‌లో ఉంచితే చాలాసార్లు పొద్దున్నకి సమస్య తీరిపోతుంది.

తెలుగుకి వస్తే

ఇక్కడే నాకు గట్టి అసంతృప్తి ఉంది. గెలాక్సీ ఏఐ మొదట 13 భాషలతో వచ్చింది. మన దేశం నుంచి హిందీ ఒక్కటే. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లకు జెమినీ నానోని అందుబాటులోకి తెస్తూ గూగుల్ 2025లో ఇచ్చిన సారాంశం సాధనం ఇంగ్లీషు, జపనీస్, కొరియన్‌లకే. ఆపిల్ ఇంటెలిజెన్స్ భాషల్లో తెలుగు లేదు. తెలుగు మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్లకు పైనే ఉన్నారు, ఫోన్లు కొనడంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఎవరికీ తీసిపోవు. అయినా ఫోన్లోనే నడిచే ఏఐలో మనకు చోటు దొరకలేదు.

సాంకేతిక కారణం ఒకటి ఉంది, దాన్ని దాటొచ్చు కూడా. కంప్యూటర్ తెలుగును దాచే పద్ధతిలో ఒక్కో గుర్తుకి 3 బైట్లు పడతాయి. "ప్రభుత్వం" అనే మాటలో ప, పొల్లు, ర, భ, ఉకారం, త, పొల్లు, వ, సున్న కలిపి తొమ్మిది గుర్తులు, అంటే 27 బైట్లు. ఇంగ్లీషులో అదే అర్థమున్న మాటకి 10 బైట్లు. తెలుగు పాఠం తక్కువగా చూసిన మోడల్ మన మాటను గుర్తులుగా, ఒక్కోసారి బైట్లుగా చీల్చుకుని చదువుతుంది. భారతీయ భాషల మాటలకు చాలా బహుభాషా మోడళ్లు ఒక్కోదానికి 4 నుంచి 8 టోకెన్లు ఖర్చుపెడతాయని బెంగళూరు కంపెనీ సర్వమ్ 2024 అక్టోబరులో చూపించింది. తెలుగుతో సహా పది భారతీయ భాషలకు వాళ్లు చేసిన సర్వమ్-1 అదే పనిని 1.4 నుంచి 2.1 టోకెన్లలో చేస్తుంది. దాని సైజు 200 కోట్ల పారామీటర్లు, ఫోన్లో పట్టేదే.

ఈ తేడా చేతికి ఎలా తగులుతుందంటే, సెకనుకు 30 టోకెన్లు రాసే ఫోన్, మాటకి 6 టోకెన్లయితే సెకనుకు 5 తెలుగు మాటలు రాస్తుంది, 2 టోకెన్లయితే 15 మాటలు. బ్యాటరీ ఖర్చూ అదే లెక్కన తగ్గుతుంది. ఇంకోటి, జ్ఞాపకం. ఆపిల్ ఫోన్ మోడల్ ఒకసారికి 4,096 టోకెన్లే చూడగలదు, ప్రశ్నా జవాబూ కలిపి. మాటకి 6 లెక్కన అందులో 680 తెలుగు మాటలు పడతాయి. దినపత్రికలో ఒక సంపాదకీయం ఇచ్చి సారాంశం అడిగితే జవాబుకి చోటే మిగలదు. మాటకి 2 అయితే 2,000 మాటలు పడతాయి. కాబట్టి తెలుగు రాకపోవడానికి చిప్ శక్తిని సాకుగా చూపడం కుదరదు. తెలుగును సరిగ్గా ముక్కలు చేసే టోకెనైజర్, తగినంత తెలుగు పాఠం ఉంటే ఇప్పుడున్న 8, 12 జీబీ ఫోన్లే చాలు.

సర్వర్ మీద నడిచేవాటిలో పరిస్థితి చాలా మెరుగు. జెమినీ యాప్ 2024 జూన్‌లో భారత్‌కి వచ్చినప్పుడే తొమ్మిది భారతీయ భాషల్లో తెలుగు ఉంది. మాట్లాడుకునే జెమినీ లైవ్‌కి కూడా తెలుగు వస్తుందని ఆ అక్టోబరులో ప్రకటించారు. ఇవి దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోన్లోనైనా నడుస్తాయి, ఏఐ ఫోన్ అక్కర్లేదు. దుకాణంలో అసిస్టెంట్‌ని పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు ప్రశ్నలు వద్దు. "ఎల్లుండి పొద్దున పావు తక్కువ ఆరుకి అలారం పెట్టు", "మా చిన్నత్తకి ఫోన్ కలుపు", "బియ్యం రెండున్నర కిలోలు, పెసరపప్పు అర్ధకిలో నోట్స్‌లో రాయి" అని ఇంట్లో మాట్లాడినట్టే అడగండి. ఎల్లుండి తేదీ సరిగ్గా పట్టిందా, 5:45 పెట్టిందా, కాంటాక్టుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరును తెలుగు ఉచ్చారణతో కలిపిందా చూడండి. ఈ మూడూ ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ కావలసినవి.

తెలుగు ఇళ్లకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది మోసపు కాల్స్‌ని పసిగట్టే ఫీచర్. డిజిటల్ అరెస్ట్ అని, కేవైసీ అని వచ్చే కాల్స్‌కి రిటైరైన ఉద్యోగులు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న ఉదంతాలు పేపర్లో తరచూ చూస్తున్నాం. పిక్సెల్‌లో ఇది ఫోన్లోనే, జెమినీ నానోతో నడుస్తుంది. మాటలు బయటికి పోవు. తెలియని నంబర్ నుంచి వచ్చిన కాల్‌లో మోసం లక్షణాలు కనిపిస్తే మధ్యలోనే హెచ్చరిస్తుంది. 2025 నవంబరులో భారత్‌లో పిక్సెల్ 9, ఆపై ఫోన్లకు ఇచ్చారు, ఇంగ్లీషు సంభాషణలకు. మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది, ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. మోసగాడు హిందీలోనో తెలుగులోనో మాట్లాడితే ప్రయోజనం ఉండదు. ఏ కంపెనీ అయినా తెలుగులో ఒకే ఒక్క ఏఐ ఫీచర్ ఇవ్వాలనుకుంటే అది ఇదే కావాలి.

ఫోన్లో నడిచే తెలుగు ఎంత దూరం వచ్చిందో స్వయంగా చూడాలనుకుంటే గూగుల్ ఏఐ ఎడ్జ్ గ్యాలరీ యాప్ వేసుకుని జెమ్మా 3ఎన్ మోడల్ దించుకోండి. 8 జీబీ ఫోన్‌కి ఈ2బీ అనే చిన్న రకం, దానికి సుమారు 2 జీబీ ర్యామ్ చాలు. 12 జీబీ ఉంటే ఈ4బీ అనే పెద్ద రకం, దానికి 3 జీబీ. డౌన్‌లోడ్ ఈ2బీకే 3 జీబీకి పైనే ఉంటుంది, మొబైల్ డేటా మీద పెట్టకండి. జీపీయూ మీద తెరవగానే మూసుకుపోతుంటే సీపీయూకి మార్చండి. పౌచ్ తీసేసి వాడండి. కొన్ని నిమిషాలు ఆపకుండా రాయిస్తే ఫోన్ వేడెక్కి చిప్ వేగం తగ్గించుకుంటుంది, రెండో జవాబు మొదటిదానికంటే నెమ్మదిగా వస్తుంది. తెలుగు వాక్యం చాలావరకు నిలబడుతుంది. ఊళ్లు, తేదీలు, మనుషుల వివరాలు మాత్రం నమ్మొద్దు. ఈ సైజు మోడల్‌లో అంత సమాచారం పట్టదు. ఇచ్చిన పాఠాన్ని తిరగరాయించడం, మర్యాదగా మెసేజ్ రాయించడం లాంటి పనులకే వాడండి.

మన బదులు యాప్‌లు నొక్కే ఏఐ

తర్వాతి పోటీ ఇక్కడ జరుగుతోంది. 2025 డిసెంబరులో చైనాలో బైట్‌డాన్స్ సంస్థ జెడ్‌టీఈతో కలిసి డౌబావో అనే ఏఐ సహాయకుడితో నూబియా ఎం153 అనే ఫోన్ తెచ్చింది, ధర 3,499 యువాన్లు. అది తెరను చూసి, మనిషిలాగే యాప్‌లు తెరిచి ధరలు పోల్చి ఆర్డరు పెడుతుంది. కొద్ది రోజుల్లోనే వీచాట్ లాంటి పెద్ద యాప్‌లు దాన్ని అడ్డుకున్నాయి, బైట్‌డాన్స్ వెనక్కి తగ్గింది. అడ్డుకోవడానికి కారణాలున్నాయి. తెర మీద ఉన్నదంతా చదవగల ప్రోగ్రామ్ ఓటీపీ కూడా చదవగలదు. ప్రకటనలు చూసే మనిషి లేకపోతే యాప్‌కి ఆదాయం లేదు. మన దగ్గరా చాలా బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్ తీయనివ్వవు, తెర చూసి పనిచేసే ఏఐకి అక్కడే దారి మూసుకుపోతుంది. యాప్ తయారుచేసినవాడు ఒప్పుకుని దారి ఇచ్చినచోటే ఇవి నిలకడగా పనిచేస్తాయి. యూపీఐ పిన్ ఎంటర్ చేసే పని ఏ సహాయకుడికీ అప్పగించొద్దు.

డబ్బు లెక్క

ప్రశ్నలు అడగడం, వ్యాసాలు రాయించడం, పిల్లల లెక్కలు చెప్పించడం మాత్రమే మీ అవసరమైతే కొత్త ఫోన్ కొనక్కర్లేదు. 2025 జులైలో ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ సేవను ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. అక్టోబరు చివర్లో జియో 18 నెలల ఉచిత జెమినీ ప్రో ప్రకటించింది, విలువ రూ.35,100 అని చెప్పింది. నవంబరు 4 నుంచి ఓపెన్‌ఏఐ చాట్‌జీపీటీ గోని ఏడాది ఉచితమంది. ఇవన్నీ పదివేల రూపాయల ఫోన్లోనూ ఒకే జవాబు ఇస్తాయి. ఇలాంటి ఆఫర్ తీసుకునేటప్పుడు కార్డో యూపీఐ ఆటోపేనో అడిగితే, గడువు ముగిసే తేదీకి వారం ముందు రిమైండర్ పెట్టుకోండి.

ఫోన్లోనే నడవాలి, వివరాలు బయటికి పోకూడదు, నాలుగైదేళ్లు వాడాలి అనుకుంటే 12 జీబీకి తగ్గొద్దు. గెలాక్సీ ఎస్24 మామూలు మోడల్ 8 జీబీతో వచ్చింది, ఏడాది తర్వాత ఎస్25లో అన్నిటికీ 12 జీబీ ఇచ్చారు. ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు వస్తాయి, అంటే 2031 దాకా. సాఫ్ట్‌వేర్ పెరుగుతుంది గానీ ర్యామ్ పెరగదు. రాబోయే ఏఐ ఫీచర్లలో పెద్దవి 8 జీబీని వదిలేసి వెళ్తాయని నా అంచనా, పిక్సెల్ 9ఏలో ఇప్పటికే అలా జరిగింది. కెమెరా, బ్యాటరీ మాత్రమే చూసుకునేవాళ్లకు 8 జీబీ ఇప్పటికీ సరిపోతుంది, ఏఐ స్టిక్కర్ కోసం అదనంగా ఇవ్వకుండా ఉంటే చాలు.

ఇప్పుడే కొనాలా, ఆగాలా అని అడిగేవాళ్లకు ఒక విషయం. ప్రపంచంలో మెమరీ చిప్పులు ఎక్కువగా చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన హెచ్‌బీఎం మెమరీకి, అంతే సామర్థ్యమున్న మామూలు మెమరీకంటే సుమారు మూడు రెట్ల సిలికాన్ పడుతుంది. ఫ్యాక్టరీలు అటు తిరగడంతో 2025 చివర్నుంచి ఫోన్ ర్యామ్ ధరలు గట్టిగా పెరిగాయి. మైక్రాన్ అయితే ఆ డిసెంబరులో, జనానికి నేరుగా ర్యామ్ అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పింది. పెరిగిన ఖర్చును ఫోన్ కంపెనీలు ధర మీద వేస్తాయి, లేదా ర్యామ్‌లో కోత పెడతాయి. కాబట్టి 2026లో వచ్చే మోడల్ ఏదైనా కొనేముందు దాని పాత మోడల్ వివరాలు పక్కన పెట్టుకుని చూడండి. ధర అంతే ఉండి ర్యామ్ తగ్గి ఉంటే, 12 జీబీ ఉన్న నిరుటి మోడల్ మంచిది. కొన్నాక దుకాణంలోనే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, ప్లస్ గుర్తుకి ముందున్న అంకె బిల్లుతో సరిపోయిందో లేదో చూసుకుని బయటికి రండి.